మృగశిర చేపయు, మిగులవలసిన చేపయు

ఏటేట జూను నెల యేడవ తేదీనో యెనిమిదవ తేదీనో మృగశిర కార్తె ప్రవేశించును. రోహిణి యెండలకు మాడిన నేలపై తొలకరి చినుకులు పడు దినము లవి. ఆనాడు చేప తినుట తెలంగాణమున తరతరములనుండి వచ్చుచున్న ఆచారము. వేసవి వేడిమి తగ్గి చల్లదనము పైకొనునప్పుడు చేప ఒంటికి మేలుచేయునని పెద్దల నమ్మకము. మాంసాహారము ముట్టనివారు బెల్లమున ఇంగువ కలిపి నోట వేసికొందురు. మెదకు పట్టణమునను ఆ యుదయము చేపల అంగళ్లయొద్ద జనసమ్మర్దము మిక్కుటముగా నుండును. కలవాడు కొర్రమీను కొనును. లేనివాడు జెల్లనో పరకనో కొనును. ఆ పూట చేపల పులుసు ఉడకని యిల్లు అరుదు. ఈ యాచారమును మేము నిందింపబోవుట లేదు. కాని ఆనాడు చేపను కోయు గృహిణి కందఱికంటె బాగుగా తెలిసిన విషయ మొకటి కలదు. ఆ దినములలో కోసిన చేప కడుపున తఱచుగా గ్రుడ్ల తిత్తి కనబడును. మనము తినుటకు ఎన్నుకొన్న కాలమును, చేప సంతానమును కనుటకు ఎన్నుకొన్న కాలమును ఒక్కటే. ఈ చిన్న విషయమునుండి బయలుదేరు పెద్ద విషయమును గూర్చి నేడు మా చదువరులతో ముచ్చటింప దలచితిమి.

తొలకరి వానలకు వాగులు కదలగానే చేపకు ఒక కొత్త చైతన్యము కలుగును. క్రొత్తనీటి వాసన తగిలినంతనే అది ప్రవాహమున కెదురెక్కును. చెఱువు నిండి మత్తడి దుముకునప్పుడు క్రింది వాగునుండి చేపలు ఎగిరెగిరి పైకి రాజూచుట మన పల్లెలలో పిల్లవాడైనను ఎఱిగిన దృశ్యమే. అది వినోదము కాదు. సంతానమునకై పడు ప్రయాస. సరిగా ఆ తావుననే, ఆ గంటలోనే, ఊరి జనము బుట్టలతోను, చీరలతోను, దోమతెరలతోను, విసురువలలతోను మూగుదురు. ఒక కిలో తూగు తల్లి బొచ్చె కడుపున సుమారు లక్ష గ్రుడ్లుండునని మత్స్యశాస్త్రజ్ఞులు చెప్పుదురు. వానిలో పెరిగి పెద్దవగునవి కొలదియే యైనను, ఆ కొలదియే మఱుసటి యేటి చేప. మత్తడియొద్ద పట్టిన ఒక్క తల్లిచేపతో ఒక పూట కూర లభించును. పోవునది మాత్రము ఒక పూట కూర కాదు.

కొర్రమీను కథ మఱింత కరుణాజనకమైనది. ఇది తెలంగాణమునకు రాష్ట్రమత్స్యముగా ప్రకటింపబడిన చేప. దీని పిల్లలు పుట్టిన కొలదిదినములవఱకు ఎఱ్ఱని గుంపుగా నీటిపై తిరుగుచుండగా, తల్లిదండ్రులు ఆ గుంపు క్రిందనే యుండి కావలికాయును. ఎఱ్ఱని గుంపు ఎచట కనబడిన అచట పెద్దచేప యున్నదని వేటగాడు గుర్తించును. గాలము వేసినచో కాపుకాయు చేప పారిపోక మీదికి వచ్చి పట్టువడును. కావలి పోయిన గుంపు కొంగలకును, ఇతర చేపలకును ఆహారమగును. సంతానమును విడిచిపోని గుణమే దాని చావునకు మార్గమగుచున్నది. బరువునుబట్టి వెలగట్టు అంగడిలో ఈ లెక్క ఎవ్వరికిని కనబడదు.

మెదకు సీమను మెతుకు సీమ యని పిలుచుట మనకు పరిపాటి. మెతుకు విలువ తెలిసిన నేల యిది. కాపు ఎంత లేమిలో నున్నను విత్తనపు వడ్లను దంచుకొని తినడు. పిల్లలు ఆకటికి ఏడ్చుచున్నను, విత్తనపు గంప చూరున వ్రేలాడుచునే యుండును. ఏలనన, ఆ గంప ఒక్క పూట ఆకలి తీర్చుటకు కాక, ఏడాది పొడవున ఇంటిల్లిపాదికిని అన్నము పెట్టుటకు దాచినది. నేలపై ఇంత వివేకము గలిగిన ప్రజలము నీటియొద్దకు వచ్చునప్పటికి ఆ వివేకము నేల మఱచుచున్నాము? వడ్లు కంటికి కనబడును, చేప కనబడదు; వడ్లు నావి, చేప అందఱిది. అందఱిదైనదానిని కాపాడుట ఎవ్వరి పనియు కాకపోయినది. ఇదియే వ్యాధి యొక్క మూలమని మేము తలంచుచున్నాము.

ఈ మాటకు వెంటనే ఒక సమాధానము వినవచ్చును. ప్రభుత్వము ఏటేట చెఱువులలో చేపపిల్లలను వదలుచున్నది గదా, తల్లిచేపలను గూర్చి యింత దుఃఖమేల యని. ఈ సమాధానమున కొంత సత్యము కలదు. బొచ్చె, రవ్వ మొదలగు కార్పుజాతి చేపలు నిలువనీటిలో పెరుగునే కాని గ్రుడ్లు పెట్టవు. వానికి పాఱు నీరు కావలెను. పూర్వము నదులలో దొరకిన పిల్లలను తెచ్చి చెఱువులలో విడుచుచుండిరి. 1957వ సంవత్సరము జూలై 10వ తేదీన శ్రీ హీరాలాల్ చౌధురి గారు తమ సహచరులతో కూడి, చేప తలలోని గ్రంథిరసమును సూదితో ఎక్కించి, కార్పు చేపలచే కుంటలలోనే గ్రుడ్లు పెట్టించిరి. ఒడిస్సా గడ్డపై జరిగిన ఆ పరిశోధన దేశమునకంతటికి మేలుచేసినది. నేడు జూలై 10వ తేదీని జాతీయ చేపలరైతు దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. తెలంగాణ ప్రభుత్వము 2016వ సంవత్సరమునుండి చేపపిల్లలను ఉచితముగా చెఱువులలో విడుచు పథకమును నడపినది. దానికి ముందటి యేడే, అనగా 2015లో, మిషన్ కాకతీయ పేర పూడిన చెఱువుల పునరుద్ధరణమును ఆరంభించినది. ఈ రెండును శ్లాఘనీయములే.

అయినను, విడిచిన చేపపిల్ల పుట్టిన చేపకు ప్రత్యామ్నాయము కాజాలదు. ప్రభుత్వము విడుచునవి నాలుగైదు జాతులు మాత్రమే; మన నీళ్లలో సహజముగా పుట్టి పెరుగునవి అనేకములు. వాలుగ, జెల్ల, మార్పు, పరక మొదలగువానిని ఎవ్వరును తెచ్చి విడువరు; అవి తమంతట తాము మిగిలిననే మిగులును. ఇందు వాలుగను ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘమువారు ప్రమాదములో పడిన జాతులలో చేర్చినారు. బీదవాని కంచములోని చేప ఎక్కువగా ఈ చిల్లర చేపయే యని మఱువరాదు. మఱియు, ఏటికొకసారి పైనుండి రావలసిన పిల్లలపైననే ఆధారపడిన చెఱువు, లారీ ఆలస్యమైనచో ఆ యేటికి గొడ్డువోవును. ఋతువు తప్పి వచ్చిన పిల్ల, పరిమాణము చాలని పిల్ల, దారిలో నలిగిన పిల్ల బ్రదుకుట దుర్లభము. ఏటేట పండు చెట్టును నఱికి, సంతనుండి పండ్లు తెచ్చి కొమ్మలకు కట్టువాని పని వంటిది మన పని కాకూడదు.

ఇచట బెస్తవానినే దోషిగా నిలువబెట్టువారితో మేము ఏకీభవింపము. మంజీరా చరిత్ర నెఱిగినవా రెవ్వరును అట్లు చేయజాలరు. మహారాష్ట్రమున బాలాఘాటు కొండలలో పుట్టి, కర్ణాటకమును ఒరసికొని, మన సీమలో ప్రవేశించి, కందకుర్తియొద్ద గోదావరిలో కలియు ఈ నది మెదకునకు ప్రాణము. ఏడుపాయలయొద్ద నున్న ఘనపురము ఆనకట్ట 1905లో కట్టబడినది. దాని మహబూబునహరు, ఫతేనహరు కాలువలు నేటికిని పొలములను తడుపుచున్నవి. ఎల్లారెడ్డి త్రోవలో పోచారము చెఱువు 1922 నాటిది. దిగువను నిజాంసాగరము 1931లో పూర్తియైనది. ఎగువను తరువాతి కాలమున సింగూరు వెలసినది. ఇవి యన్నియు మనకు అన్నము పెట్టినవి, దాహము తీర్చినవి. వీనిని కాదనుట కృతఘ్నత. కాని ఎదురెక్కు చేపకు ప్రతి యెత్తైన ఆనకట్టయు ఒక గోడయే. అన్ని గోడల నడుమ చిక్కిన నది పాయలో మిగిలిన చేపను మఱింత జాగ్రత్తతో చూచుకొనవలసిన బాధ్యత గోడలు కట్టిన మనపైననే యున్నది.

ఇక విషము మాట. పటానుచెఱువు ప్రాంతపు కర్మాగారముల మురికినీరు నక్కవాగున బడి మంజీరాలో కలిసిన వృత్తాంతము దేశమంతట ప్రసిద్ధమైనది. దానిపై 1990లో సర్వోన్నత న్యాయస్థానమున వ్యాజ్యము దాఖలైనది. ఆ నీటితో పంటలు చెడినవి, పశువులు చెడినవి, చేపలు చచ్చినవి. ఆ చచ్చిన చేపకు ఏ బెస్తవాని వల కారణము? చెఱువు శిఖపు భూములను ఆక్రమించి, నీరు నిలుచు తావును కుదించువారు బెస్తలు కారు. 1997లోనే కేంద్రప్రభుత్వము నిషేధించిన ఆఫ్రికా మార్పుచేపను కబేళా వ్యర్థములతో దొంగచాటుగా పెంచి అమ్ముకొనువారు ఊరి జాలరులు కారు. ఆ తిండిపోతు చేప గండిపడిన కుంటనుండి తప్పించుకొని చెఱువున బడెనా, మన చేపల పిల్లలను కాజేయును. కావున దోషమును పంచునప్పుడు త్రాసు సరిగా పట్టవలెనని మా కోరిక. ఎక్కువ చెఱుపు చేసినవానికి ఎక్కువ శిక్షయు, తక్కువ చెఱుపు చేసినవానికి ముందు జీవనోపాధియు, తరువాత నియమమును చూపవలెను.

మెదకు చెఱువును గూర్చి చెప్పుచు సముద్రమును ప్రస్తావించుట దూరపు మాటగా తోచవచ్చును. కాని చెఱువు చిన్నది గనుక తఱుగునేమో, సముద్రము అపారము గనుక తఱుగదని నమ్మి ప్రపంచము మోసపోయిన కథ మనకు గుణపాఠము కాదగియున్నది. కెనడా దేశపు తూర్పుతీరమున న్యూఫౌండ్లాండు ప్రక్కన కాడ్ అను చేప సమృద్ధిగా నుండెడిది. శతాబ్దములపాటు యూరపు ఓడలు వచ్చి పట్టినను తఱుగలేదు. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున యంత్రపు వలలును, మంచు గదులుగల మహానౌకలును వచ్చినవి. కొలది దశాబ్దములలో చేప కుప్పకూలినది. 1992లో కెనడా ప్రభుత్వము వేటను నిలిపివేయగా సుమారు ముప్పదివేలమంది ఒక్క దెబ్బకు ఉపాధి కోల్పోయిరి. అచటి వాణిజ్యవేటను మరల పరిమితముగా అనుమతించుటకు 2024వ సంవత్సరమువఱకు, అనగా ముప్పదిరెండేండ్లు పట్టినది. ముందుగా రెండు నెలలు ఆగనివారు తరువాత ఒక తరమంతయు ఆగవలసివచ్చినది.

మన హిందూమహాసముద్రమునను ఇట్టి ప్రమాదమే ట్యూనా చేపకు దాపురించినది. మెదకు ప్రజలకు ఈ చేప అంత పరిచితము కాదు. కాని మన తెలుగుతీరమున విశాఖపట్నము, పూడిమడక ప్రాంతపు జాలరులకు ఇది జీవనాధారము. చిన్నపడవలలో దూరముగా పోయి, గాలముతో ఒక్కొక్క చేపనే పట్టుట వారి పద్ధతి. మఱియొక పద్ధతి కలదు. దూరదేశముల మహానౌకలు సముద్రముపై తెప్పలను విడుచును. వాని నీడకు చేపలు చేరును. అంతట కిలోమీటరునకు మించిన చుట్టువలను దించి, పెద్దదనక పిల్ల యనక గుంపునంతయు ఎత్తివేయుదురు. ఇంకను గ్రుడ్లు పెట్టుటకు ఈడు రాని పసుపురెక్కల ట్యూనా పిల్లలు ఆ వలలో పెద్దసంఖ్యలో పోవును. మొదటి పద్ధతిలో మనుష్యుడు చేపను వెదకును. రెండవదానిలో యంత్రము సముద్రమును వడగట్టును.

హిందూమహాసముద్ర ట్యూనా సంఘము 2015లో చేసిన అంచనాలో పసుపురెక్కల ట్యూనా మితిమీరి పట్టబడినదని తేలినది. 2016లో ఆ సంఘము పట్టుబడిని తగ్గించు నియమములను చేసినది. పెద్దకన్ను ట్యూనాయు అట్లే మితిమీరి పట్టబడుచున్నదని 2022 నాటి అంచనా చెప్పినది. 2024 నాటి అంచనాలో పసుపురెక్కల ట్యూనా స్థితి మెఱుగుపడినట్లు తేలుట సంతోషదాయకము. కాని పట్టు నేవిధముగా తగ్గింపవలెనను ప్రశ్నపై వివాదము తీవ్రముగా జరిగినది. 2021లో చేసిన నియమమును భారతదేశమును, మఱికొన్ని తీరదేశములును ఆక్షేపించినవి. మా యభిప్రాయ మిది: పూర్వ మెంత పట్టితిమని చూపి, అంత పట్టుటకే హక్కు కలదనువాడు, తాను చేసిన దుబారానే తనకు పట్టాగా చూపుకొనుచున్నాడు. కోతలో మొదటి కోత, ఎక్కువ కొల్లగొట్టినవాని భాగమునందే పడవలెను. అట్లని తీరదేశములు నియమమే వలదనరాదు. న్యాయమైన వాటా కోరువానికి న్యాయమైన హద్దును అంగీకరింపవలసిన ధర్మము కలదు.

హద్దు పెట్టిన ఫలితముండదని నిరాశ చెందువారికి అట్లాంటికు మహాసముద్రపు నీలిరెక్కల ట్యూనా చరిత్రయే సమాధానము. 2010 నాటికి దాని వ్యాపారమునే నిషేధింపవలెనని దోహాలో జరిగిన అంతర్జాతీయ సభలో ప్రతిపాదన వచ్చినది. అది వీగిపోయినది, కాని ఆ భయముననే పట్టు పరిమితిని కఠినముగా తగ్గించిరి, దొంగవేటను అరికట్టిరి. ఒక దశాబ్దము గడవగానే ఫలితము కానవచ్చినది. 2021లో ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘమువారు ఆ చేపను ప్రమాదపు పట్టికనుండి తొలగించి, అంతగా చింతింపనక్కఱలేని జాతులలో చేర్చిరి. సముద్రమంత పెద్దనీటిలో, అనేక దేశముల నడుమ, ఇది సాధ్యమైనప్పుడు, ఒక కట్టయు, ఒక తూమును, ఒక మత్తడియు గల మెదకు చెఱువులో ఏల సాధ్యము కాదు?

మన తీరపు జాలరులనుండి నేర్వదగిన పాఠము లింక రెండు గలవు. మొదటిది ఐకమత్యము. 1991లో కేంద్రప్రభుత్వము లోతు సముద్రపు వేటను విదేశీ, ఉమ్మడి సంస్థల నౌకలకు తెఱచినప్పుడు, దేశమంతటి జాలరులు ఏకమై ఆందోళన చేసిరి, 1994లో సమ్మెకట్టిరి. ఫలితముగా నియమింపబడిన మురారి సంఘము 1996లో తన నివేదిక నిచ్చి, ఆ అనుమతులను రద్దుచేయుమని సిఫారసు చేసినది. తాళ్లవలకు తప్ప దేనికిని యజమానులు కానివారు మహానౌకలను నిలువరింపగలిగిరి. రెండవది నియమపాలనము. తూర్పుతీరమున ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు అరువదియొక్క దినములు యంత్రపు పడవల వేట నిలుపబడును. ఆ రెండు నెలలును చేపకు విరామము, జాలరికి ఉపవాసము కారాదని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కుటుంబమునకు భృతి నిచ్చుచున్నది. 2019 నుండి పదివేల రూపాయలుగా నుండిన ఈ భృతి 2025లో ఇరువదివేల రూపాయలైనది. నియమమును, భృతియు ఒకే త్రాటికి రెండు పురులు. ఒకటి తెగిన రెండవది నిలువదు.

కావున మెదకు ప్రజలయెదుటను, ప్రభుత్వమునెదుటను కొన్ని సూచనల నుంచుచున్నాము.

మొదటిది: తొలకరి మొదలు రెండు నెలలపాటు మత్తడులయొద్దను, వాగులలోను, ఆనకట్టల దిగువను ఎదురెక్కు చేపను పట్టరాదు. ఈ కట్టుబాటు పోలీసు లాఠీతో గాక, మత్స్య సహకార సంఘపు తీర్మానముతోను, గ్రామపంచాయతి దండోరాతోను నిలువవలెను. ఆ రెండు నెలలకు బెస్తకుటుంబమునకు తీరమునందలి జాలరికి వలెనే భృతి నీయవలెను. భృతి లేని నిషేధము పేదవానిపై విధించిన పన్నుతో సమానము. ఆకలిగొన్నవానికి హితబోధ చేయుట పాలకుల కెంత సులభమో, అంత అశోభనము.

రెండవది: వలకన్నునకు ఒక కొలత నిర్ణయింపవలెను. దోమతెరవంటి వలలు చెఱువున దిగరాదు. మందుగుండును, విషమును చేపపై ప్రయోగింపరాదని బ్రిటిషు ఇండియాలో 1897 నాటి చట్టమే శాసించినది. నిజాము రాజ్యమునను 1321 ఫసలీలోనే మత్స్యశాసన మొకటి వెలసినది. శతాబ్దమునకు పైబడిన శాసనములు గలిగియు, నేడు కరెంటు తీగను నీట ముంచి చేపను చంపువార్తలు తఱచుగా వినవలసివచ్చుట సిగ్గుచేటు. ఆ తీగ చేపతోపాటు మనుష్యునిగూడ చంపుననుటకు ఉదాహరణములు వెదకనక్కఱలేదు.

మూడవది: ప్రతి మండలమున కనీస మొక చెఱువును, నదిలో కనీస మొక మడుగును తల్లిచేపల కాపుదలకై విడిచిపెట్టవలెను. సింగూరు దిగువను మంజీరా నీటిలో మొసలికి 1978నుండి అభయారణ్య మున్నది. పోచారముచుట్టు దుప్పులకును జింకలకును ఉన్నది. మొసలికి దొరకిన ఆశ్రయము చేపకు దొరకరాదా? ఏడుపాయలవంటి పుణ్యక్షేత్రమున నీటికి దేవతాసన్నిధి కలదని నమ్ము జనము, ఆ నీటిలోని ప్రాణికి అభయ మిచ్చుటకు వెనుదీయరని మా విశ్వాసము.

నాలుగవది: ప్రభుత్వము విడుచు పిల్లలలో కొర్రమీను మొదలగు స్వదేశపు చేపలకు స్థానము పెంచవలెను. పిల్లలను దూరపు గుత్తదారులనుండి గాక, జిల్లాలోనే సంఘములు నడపు పెంపకపు కుంటలనుండి కొనవలెను. అప్పుడు ప్రజాధనము ప్రజలలోనే తిరుగును. పిల్లయు సమయమునకు చేరును. ఎన్ని పిల్లలను విడిచితిమన్న లెక్క ఒక్కటి చాలదు. ఎన్ని పెరిగినవి, ఎంత తూకము వచ్చినది, సంఘసభ్యునికి కిలోకు ఎంత దక్కినది అను లెక్కను ఏటేట చెఱువు కట్టపై చదివి వినిపింపవలెను.

ఐదవ విషయమును సంకోచముతోనే చెప్పుచున్నాము. చెఱువులపై హక్కు విషయమున గంగపుత్రులకును, ముదిరాజులకును నడుమ వివాదములు తలయెత్తుచున్నవి. ఎవరి వాదము న్యాయమో తేల్చుట మా యుద్దేశము కాదు. కాని ఇరువురును కలహించుచుండగా బయటి గుత్తదారు వచ్చి, ముందుగా బయానా చేతబెట్టి, సంఘము పేరును అద్దెకు తీసికొని, అందిన చేపనంతయు ఒక్క వారములో వడగట్టుకొని పోవు ఉదంతములు ఉన్నవని ఎల్లరెఱుగుదురు. రేపటి చేపతో అతనికి పనిలేదు. అతనికి రేపు మఱియొక చెఱువున్నది. ఆ చెఱువుతోనే బ్రదుకవలసినవా రిరువురును ఈ సత్యమును గుర్తింపవలెను. తరువాతి తరమునకు మిగిలిన చేపయున్ననే వాటాకై వాదించుట కర్థముండును.

ఆఱవ విషయము పట్టణవాసులమైన మనది. కొనువాడు లేనిదే అమ్మువాడుండడు. వేలెడు పొడవు చేపపిల్లలను, గ్రుడ్లతో నిండిన నాటుచేపను కొనమని మెదకు గృహిణులు నిశ్చయించుకొనిరేని, ఏ ఇన్‌స్పెక్టరును చేయలేని పని నెలదినములలో జరుగును. మృగశిరనాడు తినుటకు పెంపకపు చేప కావలసినంత దొరకును. కుంటలో పెంచిన బొచ్చె తిన్నంతమాత్రమున ఆచారము చెడదు, రుచియు చెడదు. పెద్దలు మనకు చేప తినుమని చెప్పిరే కాని, చేపల వంశమును తుడిచిపెట్టుమని చెప్పలేదు. నీరు స్వచ్ఛముగా నుండి, తినువారు తక్కువగా నుండి, వల నూలుతో అల్లబడిన దినములలో ఆ యాచారము పుట్టినది. నేడు తినువారు పెరిగిరి, నీరు తఱిగినది, వల నైలానుదైనది. కాలము మాఱినప్పుడు ఆచారమును నిలుపుకొనవలెనన్న దాని అనుష్ఠానమును దిద్దుకొనుటయే మార్గము.

నీళ్లు, నిధులు, నియామకములు అను మూడు మాటలపై పోరాడి రాష్ట్రమును సాధించుకొన్న ప్రజలము మనము. నీటికై అంతగా పోరాడినవారము నీటిలోని ప్రాణమును గూర్చి ఉదాసీనులమై యుండుట తగదు. స్వపరిపాలన మనగా మనపై ఇతరుల పెత్తనము లేకుండుట మాత్రమే కాదు. మన యాశపై మనము పెత్తనము వహించుటయు అందు చేరియున్నది. దూరదేశపు మహానౌక మన సముద్రమును వడగట్టినప్పుడు అన్యాయమని కేకలు వేయు హక్కు, మన మత్తడియొద్ద దోమతెరను పక్కకు పెట్టినవానికే పూర్తిగా నుండును.

వచ్చు మృగశిరకు ఇంకను వ్యవధి యున్నది. ఈలోపల సంఘములు కూడి తీర్మానింపవచ్చును. ప్రభుత్వము భృతిని ప్రకటింపవచ్చును. ఉపాధ్యాయులు పిల్లలకు ఎదురెక్కు చేప కథను చెప్పవచ్చును. తొలకరి వరద మత్తడి దుముకునాడు కట్టపై నిలిచిన జనము చేతిలోని బుట్టను దించి, తల్లిచేపకు దారి యిచ్చి, అది చెఱువులోనికి మునిగిపోవుట కన్నులార చూచి యింటికి మఱలుదురు గాక. ఆ యేడు కాకున్న పై యేడు ఆ చెఱువే వారికి బదులు చెప్పును. మెతుకు సీమలో మెతుకుతోపాటు చేపయు మన మనుమల కంచమున మిగులునట్లు చేయు భారము మనదేనని మెదకు ప్రజలకు విన్నవించుచున్నాము.